వంటింట్లో జి.ఆర్.ఇ. మాటలు



మా జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే పైవూళ్ళ వాళ్ళకు గుర్తొచ్చేవి తారల మేడలూ, స్టూడియోలూ, పెద్ద పెద్ద కార్లూను. అవి వున్న మాట నిజమే. కానీ ఆ మేడలు దాటి, కృష్ణానగర్, ఇందిరానగర్ గల్లీల్లో సాయంత్రం పూట ఒకసారి నడిచి చూడండి. ఏదో ఒక డాబా మీద ఒక పిల్లో పిల్లాడో చేతిలో కాగితపు ముక్కలు పట్టుకుని, పెదవులు కదుపుతూ పచార్లు చేస్తూ కనిపిస్తారు. పేట పేరు విన్నవాళ్ళు ఎవరో కొత్త నటుడు డైలాగులు బట్టీ పడుతున్నాడనుకుంటారు. కాదండీ. “అబేట్, అబెరంట్, అబేయన్స్” అంటూ ఇంగ్లీషు మాటలు వల్లె వేస్తున్నారు. అమెరికాలో పై చదువులకు వెళ్ళదలచిన వాళ్ళు రాసే జి.ఆర్.ఇ. పరీక్ష కోసం పడే పాట్లు అవి.

ఈ పరీక్ష సంగతి తెలియని తల్లుల కోసం రెండు ముక్కలు చెబుతాను. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే అమెరికాలో పుట్టిన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే సంస్థ దీన్ని నడుపుతుంది. 2023 సెప్టెంబరు నుంచి పరీక్షను బాగా కుదించారు. ఇప్పుడు మొత్తం రెండు గంటలకు రెండు నిమిషాలు తక్కువ. ఒక వ్యాసం, కొన్ని లెక్కలు, తర్వాత ‘వెర్బల్’ అనే మాటల భాగం. మాటల భాగంలో 27 ప్రశ్నలు, వాటికి 41 నిమిషాలు. మార్కులు 130 నుంచి 170 లోపల వేస్తారు. లెక్కల దగ్గర మన పిల్లలకు అంత భయం లేదు. ఎంసెట్టు నాటి నుంచీ రుద్దించుకుని వున్నారు గదా. మాటల దగ్గరే గుండె జారుతుంది. అందులోనూ తెలుగు మీడియంలో చదువుకుని ఇంజనీరింగులో చేరిన పిల్లలకు మరీను.

2023–24 విద్యాసంవత్సరంలో అమెరికాలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అని అక్కడి లెక్క. ఆ ఏడు మన దేశమే అన్నిటికంటే ముందుంది. అందులో మన తెలుగు పిల్లల వాటా చిన్నది కాదని వేరే చెప్పక్కరలేదు, ప్రతి వీధికీ తెలిసిందే.

ఈ వల్లెవేత మనకు కొత్తేమీ కాదు. మన తాతల కాలంలో పిల్లలకు అమరకోశం చెప్పేవారు. అమరసింహుడు చేసిన ఆ పుస్తకంలో మూడు కాండలు, సుమారు 1500 శ్లోకాలు. తెలుగు మాటలకు గూడా పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం అని పద్యాల్లో రాశాడు. అప్పటి వాళ్ళు బట్టీ పట్టలేదా, ఇప్పటి వాళ్ళు పడితే తప్పేమిటి అని అడిగేవాళ్ళున్నారు. నేను అమరకోశం చదువుకున్నదాన్ని కాదు, మెట్రిక్‌తో ఆగినదాన్ని. అయినా ఆ పుస్తకం అమరిక ఎలాంటిదో విన్నాను. అందులో మాటలు అక్షరక్రమంలో వుండవు. స్వర్గవర్గం, భూమివర్గం, వనౌషధివర్గం అని, ఒక జాతి మాటలన్నీ ఒకచోట వుంటాయి. పైగా శ్లోకం గనుక లయ వుంది, నాలుక మీద నిలబడుతుంది. ఆపైన గురువుగారు కావ్యం మొదలుపెట్టి, మొన్న చెప్పిన మాట ఇవాళ ఇక్కడ ఎలా వాడాడో చూడరా అని చూపించేవారు.

ఇప్పటి పిల్లల చేతిలో వున్నదేమిటి? బారన్స్ పాత పుస్తకాల వెనకాల వుండే 3500 మాటల జాబితా, అదీ ఏ నుంచి జెడ్ దాకా. అక్షరక్రమం మాటను వెతుక్కోవటానికి పనికొస్తుంది గానీ నేర్చుకోవటానికి పనికిరాదు. అందుకే మన పిల్లల్లో ఏ అక్షరానికి పండితులు కానివాళ్ళు లేరు. ‘అబాష్’ చెప్పు, ‘అబ్‌స్టీమియస్’ చెప్పు అంటే టక్కున చెబుతారు. ‘ఎమ్’ దగ్గరికి వచ్చేసరికి పుస్తకం కొత్తగా తళతళలాడుతూ వుంటుంది. ఆరంభశూరత్వం అని మనవాళ్ళకు వున్న పేరు ఈ పుస్తకాల అంచులు చూస్తే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. 2011 ఆగస్టులో ఈ పరీక్ష పద్ధతే మారిపోయింది. అంతకుముందు ఒక మాట ఇచ్చి దానికి వ్యతిరేకపదం అడిగేవారు. రెండు మాటల జంట ఇచ్చి అలాంటి సంబంధమే వున్న మరో జంట అడిగేవారు. అప్పుడు జాబితా బట్టీ కొడితే కొంత గిట్టుబాటు అయ్యేది. ఆ రెండు రకాలూ 2011లోనే తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీలుంచి సరైన మాట పెట్టమంటారు. మూడు ఖాళీలుంటే మూడూ సరిగా పెడితేనే మార్కు. ఇంకో రకంలో ఒకే ఖాళీకి ఆరు మాటలిచ్చి, ఏ రెండు పెడితే వాక్యానికి ఒకే అర్థం వస్తుందో ఏరమంటారు. మిగతావి చదివి అర్థం చేసుకునే ప్రశ్నలు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చౌకగా దొరుకుతాయి, కొనుక్కోవటంలో తప్పు లేదు. కానీ లోపల అచ్చు వేసిన సంవత్సరం చూసి కొనండి. ఎత్తేసిన ప్రశ్నల మీద నెలలు ఖర్చుపెట్టిన పిల్లలున్నారు.

ఖాళీ పూరించటం అంటే ఏమిటో మన భాషలోనే చూద్దాం. “మా అత్తగారు పైకి కటువుగా వుంటారు గానీ, మనసు మాత్రం...” అని ఆపాననుకోండి. మీరు వెంటనే ‘వెన్న’ అంటారు. ఎలా తెలిసింది? మా అత్తగారిని మీరు చూడలేదు. ఆ ‘గానీ’ చెప్పింది. అదే “పైకి కటువుగా వుంటారు, మనసు గూడా” అని ఆపితే మీరు ‘రాయి’ అనేవారు. ఇంగ్లీషులోనూ అంతే. ‘ఆల్దో’, ‘డిస్పైట్’, ‘నాట్ విత్‌స్టాండింగ్’ వస్తే మాట అడ్డం తిరుగుతుంది. ‘ఇన్‌డీడ్’, ‘మోరోవర్’ వస్తే అదే దారిలో ఇంకా ముందుకు పోతుంది. పెద్ద మాటలు వెయ్యి నేర్చి ఈ చిన్న మాటలను చూడకుండా దాటేస్తే ఏం లాభం?

మా వీధి చివర కాస్ట్యూమ్స్‌లో పనిచేసే ఆయన ఒకాయన వున్నారు. తెనాలి దగ్గర పల్లె వాళ్ళది. ఆయన షూటింగులకు బట్టలు ఇస్త్రీ చేసి సర్దుతారు, ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. వాళ్ళమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ఇంజనీరింగు బాగా పాసైంది. అమీర్‌పేటలో ఒక కోచింగుకు వెళ్ళేది. యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే రెండో స్టేషనే గదా. హైదరాబాదులో సినిమా తీయటానికి మొదట లేచిన సారథీ స్టూడియో వున్న అమీర్‌పేటే ఇప్పుడు కోచింగులకు పేరుపడింది, అదొక విచిత్రం. ఆ క్లాసులో ఒకరోజు ఈ అమ్మాయి ఒక మాటను తప్పుగా పలికితే అందరూ నవ్వారట. మర్నాటి నుంచి నోరు విప్పటం మానేసింది. నమూనా పరీక్షలో మాటల భాగానికి 142 వచ్చింది. ఈలోగా ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బుద్ధిమంతుడే. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, “అక్కా, ఇది ఆ కాగితాలతో రాత్రంతా కూర్చుంటోంది. రాదేమో అని దానికే తెలుస్తోంది. సంబంధం వాళ్ళు మాట అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?” అంది.

నాకొచ్చిన ఇంగ్లీషు ఎంత? అయినా ఆ అమ్మాయిని రోజూ సాయంత్రం మా వంటింటికి రమ్మన్నాను, మా అమ్మాయి గూడా అదే పరీక్షకు చదువుతోంది గనుక. నేను పెట్టిన షరతు ఒక్కటే. ఆ రోజు చదివిన మాటలు నాకు తెలుగులో చెప్పాలి. నిఘంటువులో వున్న అర్థం కాదు. మన వీధిలో, మన ఇంట్లో, మన సినిమాల్లో ఆ మాట ఎవరికి నప్పుతుందో చెప్పాలి. నాకు అర్థమైతే మాట వచ్చినట్టు. బాగా చదువుకున్న తల్లి అయితే సగం చెప్పగానే “ఆఁ, తెలిసిందిలే” అంటుంది. నాలాంటి దానికి పూర్తిగా చెబితే తప్ప తెలియదు. ఈ పనికి చదువు తక్కువ కావటమే మంచిదైంది.

మొదటిరోజు మూడు మాటలు తెచ్చింది. టాసిటర్న్, రెటిసెంట్, లకానిక్. మూడింటికీ కాగితం మీద ‘తక్కువగా మాట్లాడు’ అనే రాసుకుంది.

“మూడూ ఒకటే అయితే మూడు మాటలెందుకమ్మా?” అన్నాను.

“ఏమో ఆంటీ, పుస్తకంలో అంతే వుంది.”

“మీ నాన్నగారు ఎలాంటివారు?”

“నాన్న ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు. స్వభావమే అంత.”

“మరి సినిమా కథ ఏమిటని అడిగితే డైరెక్టరుగారు?”

నవ్వింది. “చెప్పరు. గుంభనగా వుంటారు.”

“మీ తాతయ్య ఫోనులో?”

“ఆయన ‘వచ్చా, తిన్నా, వుంటా’ అంటారు, అంతే.”

అయిపోయింది. టాసిటర్న్ అంటే స్వభావం చేత ముభావి. రెటిసెంట్ అంటే మనసులో వున్నది బయటపెట్టని గుంభన మనిషి. లకానిక్ అంటే నాలుగు మాటల పని ఒక్క మాటతో తేల్చేవాడు. ఈ మూడోదానికి ఒక కథ గూడా వుంది. గ్రీసు దేశంలో స్పార్టా వాళ్ళుండే సీమ పేరు లకోనియా. మాసిడోనియా రాజు ఫిలిప్పు వాళ్ళకు, నేను మీ దేశంలో అడుగు పెడితే నేలమట్టం చేస్తాను అని కబురంపాడట. వాళ్ళు పంపిన జవాబు ఒకటే మాట, “పెడితే!” అని. ఆ సీమ పేరే మాటగా మారింది. ఆ తర్వాత ఆ మాటను ఆ పిల్ల మరిచిపోలేదు.

మనుషుల మీద మాటలు అతికించే ఈ పని మా వంటింట్లో ఒక ఆటలా సాగింది. దీనికి గురజాడవారి కన్యాశుల్కం కంటే మంచి పుస్తకం లేదు. గొప్ప చదువు చదివినట్టు పోజు పెట్టి లోకాన్ని బురిడీ కొట్టించేవాడు ‘చార్లటన్’. గిరీశం. ముట్టుకుంటే మండిపడే ముక్కోపి ‘ఇరాసిబుల్’. అగ్నిహోత్రావధాన్లు. డబ్బు కోసం ప్రాణం విడిచేవాడు ‘అవరీషస్’. లుబ్ధావధాన్లు. వాళ్ళ పేర్లలోనే గురజాడవారు అర్థం పెట్టేశారు చూడండి. భారతంలోకి వెళితే, యుద్ధానికి ముందు ఆడవాళ్ళ దగ్గర ఉత్తరకుమారుడు పలికిన ప్రగల్భాలు ‘బ్రవాడో’. అడగటమే ఆలస్యం ఇచ్చేసే కర్ణుడు ‘మ్యునిఫిసెంట్’. అటూ కాక ఇటూ కాక త్రిశంకు వేలాడే చోటు ‘లింబో’. సూర్యకాంతమ్మగారి పాత్రలకు ఏ మాట అని మా అమ్మాయి నిఘంటువంతా వెతికి ‘టర్మగంట్’ అని తెచ్చింది. గయ్యాళి. తీరా చూస్తే అది పరీక్షలో పెద్దగా అడిగే మాట కాదట. అయినా దాన్ని వదలబుద్ధి కాలేదు.

మాట ఒక దృశ్యంలో వస్తే ఎలా నిలబడుతుందో సినిమా పేటవాళ్ళకు చెప్పాలా? 1957లో వచ్చిన మాయాబజార్ సినిమాకు పింగళి నాగేంద్రరావుగారు రాసిన ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ ఏ నిఘంటువు చూసి నేర్చుకున్నాం? ఆ బొమ్మ చూసినవాడికి ఆ మాట జన్మలో పోదు. ఇంకో పక్క, భాష రాని నాయికలు సీన్ పేపరు మీద డైలాగు తమ లిపిలో రాసుకుని, పక్కనుంచి ప్రామ్టింగు వింటూ పెదవులు కదుపుతూంటారు. మంచి నటులే, కష్టపడతారు. కానీ తర్వాత డబ్బింగు థియేటర్లో వేరే అమ్మాయి గొంతు ఇస్తుంది. పరీక్ష హాల్లో డబ్బింగు చెప్పేవాళ్ళుండరు గదా.

ఇక మాటలో వుండే మెచ్చుకోలూ, దెప్పీ. ఇది ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కరలేదు. ఒకే పని మన అమ్మాయి చేస్తే ‘పొదుపు’, పక్కింటావిడ చేస్తే ‘పిసినారితనం’. మనవాడిది ‘పట్టుదల’, ఎదుటివాడిది ‘మొండితనం’. ఇంగ్లీషులో ‘ఫ్రూగల్’ అంటే మెచ్చుకోలు, ‘పార్సిమోనియస్’ అంటే తిట్టు. ‘రెజల్యూట్’ అంటే గౌరవం, ‘అబ్‌డ్యురేట్’ అంటే వీడు మారడు అని విసుగు. కాగితం మీద రెండింటికీ ఒకే అర్థం రాసుకున్న పిల్ల ఖాళీలో ఏది పెట్టాలో తేల్చుకోలేదు. వాక్యం మెచ్చుకుంటోందా తిడుతోందా అని ముందు వినాలి. వరస చూసి మాటలోని దెప్పిపొడుపు పసిగట్టే విద్య మన ఉమ్మడి కుటుంబాల్లో కోడళ్ళందరికీ వచ్చిందే.

మాటల చుట్టరికాలు మరో దారి. లాటిన్‌లో మాట్లాడటానికి సంబంధించిన ముక్క ‘లోక్’. దాన్నించి వచ్చినవి చూడండి. చక్కగా మాట్లాడితే ‘ఎలొక్వెంట్’. వదరుబోతు ‘లొక్వేషస్’. నాటకంలో స్వగతం ‘సొలిలొక్వి’. నలుగురూ మాట్లాడే వాడుకభాష ‘కలోక్వియల్’. డొంకతిరుగుడు మాట ‘సర్కమ్‌లొక్యూషన్’. ఒక్క వేరు పట్టుకుని లాగితే అయిదు దుంపలు వచ్చాయి. ఇంగ్లీషు ‘బెని’, ‘మల్’ మన ‘సు’, ‘దుర్’ లాంటివి. మంచి కోరేవాడు ‘బెనెవొలెంట్’, చెడు కోరేవాడు ‘మలెవొలెంట్’.

మనకు ఇంకో సౌకర్యం వుంది. సంస్కృతమూ, లాటిన్, గ్రీకులూ ఒక తల్లి పిల్లలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పాడు. తెలుగు ఆ కుటుంబం కాదు, దక్షిణాది భాషలది వేరే ఇల్లు అని 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర తేల్చాడు. కానీ మనం సంస్కృతం మాటలు వేలకు వేలు తెచ్చి మన ఇంట్లో పెట్టుకున్నాం గదా, ఆ పుణ్యాన ఈ చుట్టరికం మనకూ దక్కింది. ‘అమృతం’లోనూ ‘ఇమ్మోర్టల్’లోనూ ముందున్నది ‘లేదు’ అనే ముక్క, వెనకున్నది చావు అనే ముక్క. ‘జ్ఞానం’లోని ‘జ్ఞా’యే ‘కాగ్నిషన్’లోనూ, ‘అగ్నాస్టిక్’లోనూ ‘గ్నా’ అయి కూర్చుంది. ‘నవ’ అన్నదే ‘నావిస్’లో కొత్తగా చేరినవాడు, ‘ఇన్నొవేషన్’లో కొత్త పని. ఈ సంగతి విన్నరోజు కాస్ట్యూమ్స్ ఆయన కూతురి మొహం చూడాల్సింది. తెలుగు మీడియం అని తలవంచుకునే పిల్లకు ఆ తెలుగే ఆస్తి అయి కూర్చుంది. ఇంగ్లీషు మీడియంలో చదివిన మా అమ్మాయికి ‘నవ’ అర్థం నేను చెప్పాల్సి వచ్చింది.

అన్నిటికంటే మోసం చేసేవి పెద్ద మాటలు కావండీ, తెలిసిన చిన్న మాటలు. అమరకోశంలో నానార్థవర్గం అని ఒకటుంది, అదే ఇక్కడా కావాలి. ‘ఫ్లాగ్’ అంటే జెండా అని అందరికీ తెలుసు. నీరసించిపోవటం అనే అర్థం గూడా వుంది. ‘క్వాలిఫై’ అంటే అర్హత సంపాదించటమే కాదు, అన్న మాటకు షరతు పెట్టి దాని తీవ్రత తగ్గించటం గూడా. ‘శాంక్షన్’ మరీ చిత్రం. మన ఆఫీసుల్లో లోను శాంక్షనైందంటే మిఠాయి పంచుతాం. ఒక దేశం మరో దేశం మీద శాంక్షన్లు పెట్టిందంటే ఆంక్షలు. రెండూ ఒకే మాట. ‘హస్బెండ్’ అనే మాటను క్రియగా వాడితే వున్నదాన్ని పొదుపుగా, జాగ్రత్తగా వాడుకోవటం అని అర్థమట. ఇది విని మా వంటింట్లో నవ్వులు ఆగలేదు. ఆ అర్థం మన మగవాళ్ళకు ఎంతవరకు నప్పుతుందో మీరే చూసుకోండి.

మా పేటలో వాడే ఇంగ్లీషుతో గూడా జాగ్రత్తగా వుండాలి. ఇక్కడ ‘సెంటిమెంటు’ అంటే తల్లీకొడుకుల ఏడుపు సీను, లేకపోతే ఫలానా రోజున కొబ్బరికాయ కొడితేనే సినిమా ఆడుతుందన్న నమ్మకం. ఇంగ్లీషు పుస్తకంలో ‘సెంటిమెంట్’ అంటే ఒక భావన, లేదా ఒక అభిప్రాయం. ‘ఫీలయ్యాడు’ అంటే మనకు నొచ్చుకున్నాడని, వాళ్ళకు అలా కాదు. ఈ తేడా తెలియక పిల్లలు తెలిసిన మాట అని ధీమాగా పెట్టి దెబ్బ తింటారు.

రోజుకు ఎన్ని మాటలు అని అడుగుతారు. మా ఇంట్లో పది పెట్టుకున్నాం. పది చాలా తక్కువని కోచింగుల్లో అంటారు. వంద చదివి తొంభై మరిచేకంటే నయం. ఆవకాయ కలిపాక మూడోనాడు తిరగగలపకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. పైన నూనె, అడుగున కారం, మధ్యన బూజు. మాటలనూ మర్నాడు ఒకసారి, మూడోనాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి తిరగగలపాలి. చిల్కూరు బాలాజీకి మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108 చేస్తారు గదా. అక్కడ తిరిగే ఓపికలో పదో వంతు ఈ కాగితాల చుట్టూ గూడా తిరిగితే స్వామి ఏమీ అనుకోడు.

నోటితో చెప్పించటంతో సరిపెట్టకండి. చదివించండి గూడా. నిఘంటువుకు బయట ఆ మాట కనిపించాలి. ఇంగ్లీషు పేపరు సంపాదకీయం రోజుకొకటి చాలు. చదివి, అందులో రాసినవాడు ఎవరిని మెచ్చుకున్నాడు, ఎవరిని తిట్టాడు, ఎక్కడ ‘గానీ’ అన్నాడు అని తెలుగులో చెప్పమనండి. ఉప్మా తిరగమోత వేస్తూ వినొచ్చు.

డబ్బు సంగతి ఒకటి చెప్పాలి. పరీక్షకు డబ్బు కట్టే ముందు, పిల్ల వెళ్ళదలచిన విశ్వవిద్యాలయం, ఆ శాఖ ఈ మార్కులు అడుగుతోందా లేదా అని వాళ్ళ ప్రకటన చూడండి. 2020 తర్వాత చాలా చోట్ల ఈ పరీక్ష అక్కరలేదన్నారు, కొన్ని చోట్ల ఇంకా అడుగుతున్నారు, కొన్ని చోట్ల ఇస్తే ఇవ్వండి లేకపోతే మానండి అంటున్నారు. ఇంగ్లీషు వచ్చా రాదా అని చూసే టోఫెల్ లాంటి పరీక్ష వేరు, అది వేరే రాయాలి. ఇవేవీ కనుక్కోకుండా స్థలం తాకట్టు పెట్టి కోచింగులో చేర్పించేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. తండ్రులు షూరిటీ సంతకం పెట్టేముందు తల్లులు ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

కాస్ట్యూమ్స్ ఆయన కూతురు నాలుగు నెలలు మా వంటింట్లో కూర్చుంది. పరీక్ష అయిపోగానే కంప్యూటరు మీద మార్కులు కనిపిస్తాయి. మాటల భాగానికి 153 వచ్చింది. గొప్ప మార్కేమీ కాదు, సగటుకు కాస్త పైన. లెక్కల్లో మాత్రం చాలా బాగా వచ్చింది. ఆ సాయంత్రం వాళ్ళ నాన్నగారు మొదటిసారి మా గుమ్మంలోకి వచ్చారు.

“అక్కయ్యగారూ, ఈ మార్కులు ఎన్నాళ్ళు చెల్లుతాయి?” అని అడిగారు.

అయిదేళ్ళు చెల్లుతాయని మా అమ్మాయి లోపలినుంచి చెప్పింది.

“ఈ ఏడు డబ్బు కుదరకపోయినా వచ్చే ఏడు వెళ్ళొచ్చన్నమాట” అని ఆయన కాసేపు నిలబడి, జేబులోంచి ఫోను తీసి సంబంధం తెచ్చిన పెద్దమనిషికి చేశారు. ముభావి గదా, రెండే ముక్కలు మాట్లాడారు. ఇప్పుడు కాదండీ, అమ్మాయి చదువుకోవాలండీ అని.